ఇల్లు, బయటి నుంచి

జూన్ 5, గురువారం

గ్యాసు బండ మార్చాను. పోయినసారి కంటే తొందరగా అయిపోయింది. ఇద్దరికి వండే ఇంట్లో ఇలా ఎందుకవుతుందో చూడాలి.

దుప్పట్లు ఉతికాను. అరిగిన సబ్బు ముక్కలన్నీ కలిపి ముద్ద చేసి పెట్టాను.

ఆయన కాంపులోనే ఉన్నారు. పక్కింటావిడ అడిగితే అదే చెప్పాను. "ఫిబ్రవరిలో వెళ్ళారు కదండీ, ఇంత పెద్ద కాంపేమిటి?" అంది. కొన్ని పనులు అలాగే సాగుతాయి.

గురువారం కాబట్టి సాయంత్రం అత్తయ్య రేడియో పెట్టమన్నారు. 'ఎవరి పాట వాళ్ళది' అనే కార్యక్రమం. ఊరి పొలిమేర దాటితే గరగరమని ఆగిపోయే చిన్న స్టేషను అది. సినిమా పాటలు వెయ్యరు. ఇంట్లోనో, షెడ్డులోనో, మేడ మెట్ల మీదో కూర్చుని ఎవరికి తోచింది వాళ్ళు పాడి పంపితే అవి వేస్తారు. మైకుసెట్టు షాపు నడిపిన రోజుల్లో ఎంత పెద్ద సభ ఉన్నా పనివాళ్ళకు అప్పజెప్పి, దీని వేళకు ఆయన ఇంటికి వచ్చేసేవారు. షాపు మూసేశాక ఇంకేమీ వినడం మానేశారు గానీ ఇది మానలేదు. ఆయన లేకపోయినా అత్తయ్య మానడం లేదు. ఆవిడకు చూపు దాదాపు పోయింది. చెవులు మాత్రం పాము చెవులు.

ఈ రోజు ఒకాయన రంపానికి ఫిడేలు కమాను రాసి వాయించాడు. దయ్యం జోల పాడుతున్నట్టుంది. ముగ్గురు ఆడపిల్లలు గిటార్లు పట్టుకుని అరిచారు, అందులో ఒక పిల్ల బాగానే పాడింది. రిటైరైన లెక్కల మాస్టారొకరు ఎక్కాలకు రాగం కట్టి, పదమూడో ఎక్కం దగ్గర ఎందుకో ఆపేశారు.

తరవాత స్టేషను అమ్మాయి (గొంతులో ఎప్పుడూ నవ్వు దాచుకున్నట్టు మాట్లాడుతుంది) "ఇది పంపినవాళ్ళు పేరు చెప్పలేదు. 'ఇల్లు' అని పెట్టమన్నారు, అంతే" అంది.

మొదట ఏమీ లేదు. మనుషులు లేని గదిలో ఉండే హోరు. తరవాత కుళాయి తిప్పడం, గిన్నెలో నీళ్ళు పడటం. తలుపు కీచుమనడం. గరిట గిన్నె అంచుకు తగలడం. టక్, టక్. కాసేపు ఆగి, టక్.

నేను ఇస్త్రీ చేస్తున్నాను. చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఆ గరిట నాది.

కూర తిప్పాక గరిటను రెండుసార్లు కొట్టి, ఉప్పు చాలుతుందా అని ఒక క్షణం ఆలోచించి మూడోసారి కొడతాను. పెళ్ళయిన కొత్తలోనే ఆయన కనిపెట్టారు. "నీకు లేదు గానీ నీ గరిటకు తాళజ్ఞానం ఉంది" అనేవారు.

ఆయనే పంపారు. ఇంకెవరికుంటుంది మా వంటింటి చప్పుడు. ఏ వస్తువు చప్పుడైనా చిన్న రికార్డరులో పట్టి దాచుకోవడం ఆయన అలవాటు. ఒక్కటే లోటు. అందరూ రికార్డు చేసేముందు ఇది ఫలానా చోటు అని చెప్పి మొదలుపెడతారట, ఆయన మాత్రం చివర్లో చెబుతారు. "ముందే చెబితే చప్పుడు బెదిరి పారిపోతుంది" అంటారు. ఈ 'ఇల్లు' చివర ఆ మాట లేదు. స్టేషను వాళ్ళు కోసేసి ఉంటారు.

ఆయన చొక్కా కాలింది. కాలరు దగ్గర, కొంచెమే.


జూన్ 6, శుక్రవారం

చొక్కా పట్టుకుని మేడ మీద అద్దెకుండే టైలరు దగ్గరికి వెళ్ళాను. కాలరు తిరగేసి కుట్టమన్నాను.

"రేడియోలో మా వంటిల్లు వచ్చింది తమ్ముడూ, విన్నావా?"

అతను సూదిలో దారం ఎక్కిస్తూ తలెత్తలేదు. "విన్నానక్కా. వంట వినిపించారు గానీ వడ్డించలేదు. మన స్టేషనుకి మర్యాద తెలీదు."

నవ్వొచ్చింది. ఎన్నాళ్ళకో.

అత్తయ్యతో, "చూశారా, మీ అబ్బాయే పంపారు" అన్నాను.

"వాడా?" అన్నారు. కాసేపటికి, "నీకు వాడిలా వినిపించిందా అమ్మాయ్?" అన్నారు.

ఆవిడకు సంతోషం పైకి చూపించడం రాదు.


జూన్ 8, ఆదివారం

మా వంటింటి కుళాయి ఏళ్ళ తరబడి కారేది. రాత్రీ పగలూ చుక్కలే. రేడియోలో చుక్క పడలేదు. తిప్పినప్పుడు కుక్కపిల్ల మూలిగినట్టు ఒక కూత మాత్రం వచ్చింది.

ఆ కూత కొత్త కుళాయిది. ఆయన వెళ్ళిన తరవాత వేయించాను.


జూన్ 9, సోమవారం

ఇల్లంతా చూశాను. అటక మీద పాత స్పీకరు పెట్టెలున్నాయి, ఒక్కొక్కదాని వెనక గుడ్డ ఊడదీసి టార్చి వేసి చూశాను. మంచాల కింద చూశాను. బీరువా వెనక చెయ్యి పెట్టాను, సాలెగూడు తగిలింది. స్నానాలగది కిటికీకి మేకులు కొట్టించాను. ఇంట్లో మేమిద్దరమే. ఒకరికి కనబడదు, ఇంకొకరు నేను.

మా ఇంటి వీధి తలుపుకు మూడు గడియలు. పైది, నడిమిది, అడుగుది. దీపం పెట్టే వేళకు ఈ వరసలోనే వేస్తాను. "బ్యాంకుకైనా రెండే ఉంటాయి" అని ఆయన ఎగతాళి. ఇన్ని గడియలు దాటి ఎవరు వచ్చి నా గరిట పక్కన నిలబడ్డారు?

వీపు మీద ఎవరో చూస్తున్నట్టుంటుంది అంటారు. నాకు అలా లేదు. వీపు మీద ఎవరో వింటున్నట్టుంది.


జూన్ 10, మంగళవారం

చప్పుడు లేకుండా పని చేశాను. గిన్నెల కింద గుడ్డ పరిచాను. కుళాయి కూయకుండా సన్నగా తిప్పాను. గరిటను అంచుకు తగలనివ్వలేదు. చేతి గాజులు తీసి డబ్బాలో పెట్టాను. వినడానికి ఏమీ లేకపోతే ఎవరైనా ఎంతసేపని ఉంటారు.

మధ్యాహ్నం అత్తయ్య గోడ పట్టుకుని వంటింటి గుమ్మం దాకా వచ్చారు. మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"అమ్మాయ్. ఉన్నావా?"

"ఇక్కడే ఉన్నానత్తయ్యా."

"మరి ఉన్నట్టు లేదేమిటి? నువ్వు కూడా వెళ్ళిపోయావనుకున్నాను."

'కూడా' అన్నారు. కాంపుకి వెళ్ళినవాళ్ళను వెళ్ళిపోయారని ఎవరూ అనరు. పెద్దావిడ, మాట తూలి ఉంటుంది. దిద్దలేదు.


జూన్ 12, గురువారం

వద్దన్నాను. అత్తయ్య వినలేదు, తడుముకుంటూ వెళ్ళి తానే పెట్టారు.

ఎవరో సీసాల్లో నీళ్ళు పోసి ఊదారు. ఒక నర్సు డ్యూటీ దిగాక ఆసుపత్రి మెట్ల మీద పాడుకున్న పాట వేశారు, దూరంగా అంబులెన్సు కూతతో సహా. అది బాగుంది. తరవాత ఆ అమ్మాయి, "మళ్ళీ ఆ పేరు చెప్పనివాళ్ళే. ఇల్లు, రెండో భాగం" అంది.

ఒక ఆడమనిషి బట్టలు మడత పెడుతూ లెక్కపెట్టుకుంటోంది. తరవాత కుర్చీ దగ్గర ఆగినట్టుంది. "టీ పెట్టనా?" అని అడిగింది. ఎవరూ పలకలేదు. చాలాసేపు ఎవరూ పలకకపోవడమే వినిపించింది. మళ్ళీ, ఈసారి మెల్లగా, "టీ పెట్టనా?"

అది నేను కాదు. ఖాళీ కుర్చీని అలా ఎవరడుగుతారు.

రేడియో కట్టేయమన్నాను. అత్తయ్య కట్టలేదు. నేను ఏదో అన్నాను. రాసుకోవాల్సినంత మాట కాదు.

రేడియో మోగుతున్నప్పుడే గేటు దగ్గర చప్పుడైంది. గాలి అయి ఉంటుంది. గడియలు వేసి పడుకున్నాను.


జూన్ 13, శుక్రవారం

గాలి లేదు. పొద్దున్న పక్కింటావిడే అంది, నిన్న సాయంత్రం ఆకు కదల్లేదని, ఉక్కపోసి చచ్చామని.


జూన్ 14, శనివారం

ఈ రోజు కుర్చీని ఏమీ అడగలేదు.


జూన్ 16, సోమవారం

స్టేషనుకి వెళ్ళాను. పంక్చర్లు వేసే షాపు మీద రెండు గదులు. గోడలకు గుడ్ల అట్టలు అతికించారు. లోపల మాట్లాడితే మన మాట నోటి ముందే పడిపోతుంది, నీళ్ళలో మాట్లాడినట్టు.

రేడియోలో ఇరవై ఏళ్ళ పిల్లలా వినిపించే మనిషికి నా వయసే ఉంటుంది. కళ్ళజోడు తాడుకి కట్టుకుంది.

"ఇల్లు పంపింది మీరా?" అంది, కుర్చీ లాగి. "ఎంతమంది ఫోన్లు చేశారో తెలుసా? ఆ టీ అడిగినావిడకి ఎవరైనా పలకండయ్యా అని ఒక లారీ డ్రైవరు ఏడ్చేశాడు."

"నేను పంపలేదు. ఎవరు తెచ్చిచ్చారు?"

"సన్నగా ఉంటాడు. మెళ్ళో కొలతల టేపు వేసుకునే వచ్చాడు రెండుసార్లూ."

ఇంటికి వచ్చి చెప్పులు విప్పకుండానే మేడ ఎక్కాను. నన్ను చూడగానే మిషను ఆపేశాడు.

"అక్కా, అత్తాకోడళ్ళ మధ్య నన్ను ఇరికించకండి. ఇద్దరి జాకెట్లూ నేనే కుట్టాలి."

"అత్తయ్యా?"

"మామ్మగారు రికార్డు చేసిన మెమరీ కార్డు చేతిలో పెట్టి, ఇచ్చి రారా అన్నారు. పెద్దావిడ అడిగితే కాదంటానా?"


జూన్ 17, మంగళవారం

అత్తయ్య దిండు కింద ఆయన పాత రికార్డరు ఉంది. ఆవిడ పాత సంగతులు చెబుతూంటే పట్టడానికి ఆయనే ఇచ్చారు. వేలికి తెలిసేలా మీటకు గుడ్డ పట్టీ అంటించారు. కొంగులో పెట్టుకుని నా వెనకే తిరిగారన్నమాట.

"నా ఇంట్లో నన్నే దొంగచాటుగా పట్టి ఊరందరికీ వినిపిస్తారా?" అన్నాను.

"ఊరందరికీ ఎందుకు? ఒక్కడికి."

"ఆయన కాంపులో..."

"చాల్లే." ఇంత కాలంలో ఆవిడ నా మీద గొంతు పెంచడం ఇదే. "పక్కింటివాళ్ళకి చెప్పుకో ఆ మాట. ఏదో చప్పుడు పట్టాలి, రెండు రోజుల్లో వస్తానని సంచీ భుజాన వేసుకుని వెళ్ళాడు. గొడవ లేదు, మాట లేదు. షాపు పోయిన దగ్గర్నుంచి వాడు ఇంట్లో చుట్టంలా మసిలాడు, నువ్వూ చూశావు, నేనూ విన్నాను. ఫోను ఎత్తడు. ఉత్తరం వేద్దామంటే ఎక్కడికని? కానీ గురువారం రేడియో వినకుండా ఉండడు. వాడు ఊళ్ళోనే ఉంటే వింటాడు."

"ఊళ్ళోనే ఉంటే ఇంటికి రావడానికేం?"

"మగాడికి పోయిన షాపు ముందు నిలబడటం కష్టం. ఇంటి ముందు ఇంకా కష్టం. అందుకే ఇంటినే పంపాను."



"మీ గొంతుతో పిలవచ్చుగా," అన్నాను చివరికి.

"నేను పిలిస్తే ముసలిదాని చాదస్తం అంటాడు. నువ్వు పిలవవు. అందుకని నీ గరిటతో పిలిచాను."

ఒక సంగతి తేలింది. ఇంట్లో ఎవరూ లేరు. గాజులు మళ్ళీ వేసుకున్నాను.


జూన్ 19, గురువారం

ఈసారి నేనే పెట్టాను. ఇంట్లో భయపడాల్సింది ఏమీ లేదని తెలిసింది కదా.

రంపం ఆయన మళ్ళీ వచ్చాడు. ఇంకెవరో రైలు పట్టాల కింద మైకు పెట్టి, ఆ దడదడ మీద ఫ్లూటు వాయించారు. అత్తయ్య కాళ్ళకు నూనె రాస్తూ వింటున్నాను. అప్పుడు స్టేషను ఆవిడ, "ఇల్లు, మూడో భాగం" అంది.

"మళ్ళీ పంపారా? నాకొక మాట చెబితే ఏం పోయింది?"

అత్తయ్య పాదం నా చేతిలో బిగుసుకుంది. "మూడోది నేను పంపలేదు అమ్మాయ్."

వీధి. సైకిలు పోవడం. దూరంగా ఎవరి ఇంట్లోనో కుక్కరు కూత. తరవాత ఇనప గేటు, మా గేటే, తుప్పు పట్టిన మడత బందు దగ్గర రెండుసార్లు ఆగి తెరుచుకునే చప్పుడు. కొన్ని అడుగులు. తరవాత గోడ అవతల నుంచి వచ్చే సన్నటి రేడియో మోత, అందులో ఈవిడ గొంతే, "ఇల్లు, రెండో భాగం." తరవాత బట్టలు లెక్కపెట్టడం. టీ పెట్టనా. టీ పెట్టనా.

మా రేడియోలో మా రేడియో మోగుతోంది, బయటి నుంచి.

ఆ తరవాత నేను. కిటికీ అవతల ఉన్నా ఒక్క అక్షరం పోలేదు.

"కట్టేయండి అత్తయ్యా. రారు. ఇక రారు. వచ్చినా నేను తలుపు తియ్యను."

రాయలేదు కదా ఆ రోజు. ఇప్పుడు రాశాను.

తరవాత నా అడుగులు తలుపు దగ్గరికి వచ్చాయి. పైది. నడిమిది. అడుగుది. మనం లోపల ఉండి వేసుకుంటే గడియ చప్పుడు చిన్నదే. మెట్టు మీద నిలబడి వింటే అలా ఉంటుందని నాకు తెలియదు.

ఆ తరవాత ఊపిరి. మైకుకి చాలా దగ్గరగా. ఎంతసేపు ఉందో. అత్తయ్య రేడియో వైపు చెయ్యి చాచారు, మొహం తడమబోతున్నట్టు.

చివర్లో, చివర్లోనే, ఆయన గొంతు.

"ఇల్లు. బయటి నుంచి."


జూన్ 20, శుక్రవారం

స్టేషనుకి వెళ్ళాను. కవరు మెట్ల మీద దొరికిందట. చిరునామా లేదు, మనిషిని ఎవరూ చూడలేదు. కింద పంక్చర్ల అబ్బాయి కూడా చూడలేదు.

"ఆ చివర ఊపిరి ఉంది చూడండి," అంది ఆవిడ, "కొంచెం కోద్దామనుకున్నాం. మా ఇంజనీరు వద్దన్నాడు. ఇదే పాట, మిగతాదంతా తాళం అన్నాడు."

ఇంటికి వచ్చి గేటు ముట్టుకుని చూశాను. మెట్టు మీద కాసేపు నిలబడ్డాను. లోపల అత్తయ్య ఒక్కరే ఉన్నారు. బయటి నుంచి వింటే ఇంట్లో మనుషులున్నట్టే ఉంటుంది. మనం లేకపోయినా ఉన్నట్టే ఉంటుంది. మూడు గడియల చప్పుడు వినేసిన తరవాత ఎవరైనా తలుపు ఎలా తడతారు?


జూన్ 21, శనివారం

పక్కింటావిడ కాంపు ఎంతవరకు వచ్చిందని అడిగింది. "కాంపు కాదండీ, వెళ్ళిపోయారు" అన్నాను. ఆవిడ చేతిలో చీపురు అలాగే ఉండిపోయింది. నాకు గుండె తేలికపడుతుందనుకున్నాను. పడలేదు.


జూన్ 23, సోమవారం

అత్తయ్య నాకు మీట నొక్కడం నేర్పారు. వీధి తలుపు దగ్గర పీట వేసుకుని కూర్చున్నారు, పంతులమ్మలాగా.

మొదటిసారి దగ్గు వచ్చింది. రెండోసారి మేడ మీద మిషను మొదలైంది. "ఒరేయ్, కాసేపు చెయ్యి కట్టుకో," అని అత్తయ్య కేకేస్తే, "కట్టుకున్నా మామ్మగారూ, చొక్కా కూడా అయిపోయింది," అని పైనుంచి జవాబు.

మూడోసారి బాగానే వచ్చిందనుకున్నాను. అత్తయ్య పెదవి విరిచారు.

"లెక్కల పుస్తకంలో గీతలు కొట్టేసినట్టు తీస్తున్నావు. మెల్లగా తియ్యి. అవతల మెట్టు మీద నిలబడినవాడికి నమ్మకం కలగాలి."

మెల్లగా తీశాను. వేసే వరసకు ఎదురు వరస. అడుగుది. నడిమిది. పైది చాలా ఏళ్ళ నుంచి బిగుసుకుని ఉంటుంది, రెండు చేతులూ పెట్టాల్సి వచ్చింది. తలుపు తెరిచాను. బయటి గాలి మైకు మీద కొట్టింది.

"ఇప్పుడు చెప్పు," అన్నట్టు అత్తయ్య నా మోచెయ్యి నొక్కారు.

ఏం చెప్పాలో అనుకోలేదు. నోటికి వచ్చింది చెప్పాను. మీట ఆపాను.

కార్డు నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. నాలుగో భాగం అని చెప్పాను. పేరు అడిగితే అవసరం లేదన్నాను.


జూన్ 26, గురువారం

చేతులు ఊరికే ఉండటం లేదని ఇప్పుడే, వింటూనే రాస్తున్నాను. ఇంకా పూర్తిగా చీకటి పడలేదు. వీధి తలుపు బార్లా తీసి ఉంది. దోమలు వస్తున్నాయి, రానీ. కాలరు తిరగేసిన చొక్కా కుర్చీకి వేశాను. అత్తయ్య గోడకు ఆనుకుని కూర్చున్నారు, తల గుమ్మం వైపు తిప్పి.

ఎక్కాల మాస్టారు వచ్చారు. ఈసారి పదమూడో ఎక్కం దాటారు.

ఇప్పుడు ఒక పిల్ల తన బామ్మ గురకకు వీణ కలిపి వాయిస్తోంది. అత్తయ్య నవ్వారు.

మాది వచ్చింది. "ఇల్లు, నాలుగో భాగం."

అడుగుది. నడిమిది. పైది ఇంత గట్టిగా మూలిగిందా. తలుపు. గాలి. తరవాత నా గొంతు, నాదే, నేను కాదనడానికి లేదు.

"ఇల్లు. లోపలి నుంచి. టీ పెడుతున్నాను."

స్టేషను ఆవిడ వెంటనే ఇంకో పాట వేసింది. ఎవరిదో ఈల. పదాలు లేవు. ఒక్క ఈల.

అత్తయ్య చెయ్యెత్తారు. "అమ్మాయ్, ఈ ఈల రెండుగా వినపడుతోంది నాకు."

నాకు ఒకటే వినపడుతోంది. చెవుల్లో ఏదో హోరు అని చెప్పాను.

"రేడియో కట్టు ఒక్కసారి."

లేచి వెళ్ళి కట్టాను. మీట పూర్తిగా తిప్పాను, లోపలి దీపం ఆరిపోయింది. మళ్ళీ వచ్చి కూర్చుని ఇది రాస్తున్నాను.

ఈల ఆగలేదు. చిన్నగా, జేబు రేడియోలోంచి వచ్చినట్టు గరగరమంటూ, మెట్టు దగ్గర నుంచి వస్తోంది.

గేటు చప్పుడు కాలేదు. అంటే మొదటి నుంచీ గేటు లోపలే ఉన్నారు.

అత్తయ్య నోటి మీద చెయ్యి పెట్టుకుని నా వైపు తిరిగారు. ఆవిడ పిలవరు. నన్నే పిలవమంటున్నారు.

నేను కూడా పిలవను. పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్నాయి. వెళ్ళి కలిపి, చెంచాను గిన్నె అంచుకు రెండుసార్లు కొట్టి, ఆగుతాను.